నిండుకున్న ఇల్లు

అనగా అనగా, నాగావళి ఒడ్డున ఉన్న ఊళ్ళలో ఒక ఊళ్ళో, ఒక వడ్రంగి ఇల్లు ఉండేదమ్మా. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుని ఇటు తిరిగి పడుకో, చెబుతాను.

ఆ వడ్రంగి పేరు కొండలాచారి. అతని భార్య మంగాయమ్మ. వాళ్ళకు ఒక్కతే కూతురు, పేరు వరాలు. అప్పటికి దానికి నీ వయసే. నీలాగే ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, నవ్వితే కిటికీ తెరిచినట్టు ఉండేది.

మంగాయమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు చూడాలి. గోడలకు ఎర్రమన్ను అలికి, అడుగున సున్నంతో చుక్కల బారు తీర్చేది. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది. వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేసేది. "ముగ్గుపిండి ఉండగా బియ్యప్పిండి ఎందుకే?" అని ఎవరైనా అడిగితే, "మన ఇంటికి అందరికంటే ముందు వచ్చే చుట్టాలు చీమలు. చుట్టాలకు రాతిపొడి పెడతామా?" అని నవ్వేది.

ఇక మనుషుల సంగతి చెప్పనే అక్కరలేదు. కొండలాచారి పనస చెక్కతో చేసిన పీటలు గోడ పొడవునా వరసగా ఆనించి ఉండేవి. మనిషి గుమ్మంలో కనిపించగానే పీట వాలేది, ఆకు పడేది. "నలుగురు కూర్చుని లేస్తేనే ఇల్లు. లేకపోతే అవి ఉత్త గోడలు" అనేది మంగాయమ్మ.

అప్పుడు ఒక వానాకాలంలో జ్వరం వచ్చింది. మంగాయమ్మ వెళ్ళిపోయింది.

ఎక్కడికని అడగకు తల్లీ. నీకు తెలుసు కదా.

ఆ తర్వాత ఆ ఇల్లు నోరు మూసుకుంది. కొండలాచారి బాడిస పట్టలేదు, ఉలి పట్టలేదు. పీటలన్నీ అటకెక్కాయి. మంగాయమ్మ కూర్చునే పీట ఒక్కటి మాత్రం వంటింటి గోడకు ఆనుకుని అక్కడే ఉండిపోయింది. అతను అటు చూసేవాడు, తల తిప్పుకునేవాడు. పొద్దున్నా సాయంత్రమూ ఇంత గంజి కాచి, కూతురికి పోసి, తాను తాగేవాడు. కుండలో ఏముందో, ఏం లేదో నోరు విప్పి చెప్పేవాడు కాదు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం అయిపోయింది. ఊరివాళ్ళకు రావాలనే ఉంది. కానీ ఆ వాకిట్లో ముగ్గు లేదు. ముగ్గు లేని వాకిలంటే లోపల దుఃఖం ఇంకా తీరలేదని గుర్తు. అలాంటి ఇంటికి భోజనానికి ఎలా వెళతారు? ముగ్గు పడితే వద్దామని వాళ్ళు అనుకున్నారు. మనుషులు వస్తే కదా ముగ్గు అని వీళ్ళు అనుకున్నారు. అలా ఇరుగూ పొరుగూ గోడకు అటొకరూ ఇటొకరుగా ఉండిపోయారు.

అప్పుడు పాలకొండ వైపు నుంచి రవణమ్మ వచ్చింది. ఆమె కొండలాచారికి అక్క, వరాలుకు మేనత్త. మాట కారం, మనసు బెల్లం. బండి దిగి, వాకిలి చూసింది. ఇల్లంతా తిరిగింది. తిరిగి వచ్చి తమ్ముడి ఎదురుగా చతికిలబడింది.

"ఏటి తమ్ముడూ ఇది? దీపం పెట్టిన జాడ లేదు. మనిషి వచ్చిన జాడ లేదు. గోడలతో మాట్లాడుకుని పెరుగుతుందేటి పిల్ల? పున్నమి వెళ్ళగానే దీన్ని నాతో తీసుకుపోతాను" అంది.

కొండలాచారి నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. వరాలు మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడి అంతా వింది.

"నేను రాను అత్తా. ఇది మా ఇల్లు" అంది.

"ఇల్లేనా ఇది? మీ అమ్మే చెప్పేది కదా, నలుగురు కూర్చోకపోతే ఉత్త గోడలని."

"మరి నలుగురు వచ్చి కూర్చుంటే?"

రవణమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. "వచ్చి, మీ నాన్న నోటితో 'కూర్చోండి' అనిపించుకుని, ఆకు వేసుకుని తిని లేచారనుకో. అప్పుడు నిన్ను అడగను" అంది. తమ్ముడి నోట ఆ మాట వస్తుందని ఆమెకు ఏ కోశానా నమ్మకం లేదు.

వరాలు నమ్మింది.

అప్పుడు అది మొదట గోడల పని పట్టుకుంది. ఏటి గట్టు నుంచి ఎర్రమన్ను తెచ్చి, పేడ కలిపి, చేయి అందినంత ఎత్తు అలికింది. అందని చోట గోడ పాతరంగు పాతరంగుగానే ఉండిపోయింది. సున్నపు చుక్కలు ఒకటి చిక్కుడు గింజంత వస్తే, ఒకటి రేగుపండంత వచ్చింది. రవణమ్మ చూసి, "గోడకు అమ్మవారు పోసినట్టుంది" అంది. అని, తానే మసిబట్ట పట్టుకుని ఒలికిన సున్నం తుడిచింది.

ఆ తర్వాత వరాలు గడప పట్టింది. దుమ్ము కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. పసుపు గడపకు కొంత, దాని ముక్కుకు కొంత అంటింది. రవణమ్మ ఆ గడప దాటేటప్పుడు కాలు కొంచెం ఎత్తి వేసింది.

ఆ తర్వాత ముగ్గు. పున్నమి నాటి తెల్లవారుజామున లేచి, బియ్యం కుండలో చేయి పెట్టి, చీకట్లో చేతికి అందిన పిడికెడు తీసుకుంది. కుండలో ఇంకెంత ఉందో చూడలేదు. తడిపి, తిరగలిలో వేసి, పిండి చేసింది. అమ్మ వేసే ముగ్గు దానికి సగమే గుర్తుంది. ఆ సగమే వేసింది. మిగిలిన సగం చోటును ఖాళీగా అలికి వదిలేసింది. ఎండ ఎక్కకముందే చీమలు వచ్చాయి.

ఇప్పుడు జాగ్రత్తగా విను. కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది.

రవణమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం కుండ మూత తీసింది, పప్పు డబ్బా వంచింది, నూనె సిద్దె ఎత్తి చూసింది. మెల్లగా బయటికి వచ్చి, గొంతు తగ్గించి తమ్ముడితో అంది: "బియ్యం నిండుకున్నాయి. పప్పు నిండుకుంది. నూనె కూడా నిండుకుంది. ఏం చేద్దామంటావు?"

నువ్వు నవ్వుతున్నావు. నీకు ఆ మాట తెలుసు. వరాలుకు తెలియదు. అది పుట్టిన దగ్గర నుంచీ ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. దానికి తెలిసినదల్లా ఒక్కటే: నిండటమంటే నిండటం. చెరువు నిండుతుంది, బిందె నిండుతుంది, కడుపు నిండుతుంది. 'అమ్మో, అన్నీ ఒక్కసారే నిండిపోయాయి కాబోలు. ఇంత ఎక్కువైతే ఏం చేయాలో తోచక పాపం అత్త దిగులు పడుతోంది' అనుకుంది.

ఏం చేయాలో దానికి తోచింది. గుమ్మం దాటి ఒకటే పరుగు.

మొదట పోలమ్మ ఇంటికి వెళ్ళింది. పోలమ్మది రైతు ఇల్లు. మంగాయమ్మ, ఆమె కలిసి నీళ్ళకు వెళ్ళేవారు, కలిసి తిరిగి వచ్చేవారు.

"పెద్దమ్మా, ఈవేళ మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రా! మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి!"

పోలమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆగిపోయింది. "ఏటి నిండుకున్నాయి?"

"బియ్యం, పప్పు, నూనె కూడా! అత్త చెప్పింది. పొద్దున్నే ముగ్గు కూడా వేశాను."

పోలమ్మకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. నవ్వబోతూ ఆ పిల్ల ముక్కు మీది పసుపు చూసింది. ఆ మాట దీనికి ఎందుకు తెలియదో అప్పుడు తట్టింది. తెలియజెప్పాలంటే, 'మీ ఇంట్లో గింజలు లేవే' అనాలి. గడప మీద పసుపు ఆరని ఇంటిని పట్టుకుని 'లేవు' అని ఎవరంటారు? "వస్తానమ్మా. ముగ్గు వేశావు కదా, తప్పకుండా వస్తాను" అంది.

ఆ తర్వాత గాజుల సీతాలు ఇంటికి వెళ్ళింది. సీతాలుకు నోరు ఊరుకోదు. "నిండుకున్నాయా! ఓలమ్మ, అయితే ఇప్పటినుంచీ కడుపు మాడ్చుకుని వస్తాను" అంది. వరాలు వీధి మలుపు తిరిగాక, సీతాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ తర్వాత గానుగ తవిటయ్య తాత దగ్గరికి వెళ్ళింది. తాతకు చెవుడు. మూడుసార్లు అరిచి చెప్పవలసి వచ్చింది. ఆ అరుపులు ఆ వీధిలో అందరూ విన్నారు.

వరాలు ఎగురుకుంటూ ఇంటికి వచ్చింది. "అత్తా, అందరినీ పిలిచేశాను!"

"ఎవరిని? ఎందుకు?"

"భోజనానికి! అన్నీ నిండుకున్నాయన్నావు కదా!"

రవణమ్మ చేతిలోని గరిటె జారి కింద పడింది. ఆమె తిట్టలేదు. పిల్లను వంటింట్లోకి తీసుకువెళ్ళి, మూత తీసి, "చేయి పెట్టి చూడు" అంది.

వరాలు చేయి పెట్టింది. మోచేతి దాకా వెళ్ళింది. వేళ్ళకు కుండ అడుగు తగిలింది.

"మరి... నిండుకున్నాయన్నావు?"

"ఇంట్లో గింజలు లేవని నోటితో అనకూడదే. లేవు, లేవు అంటే నిజంగానే లేకుండా పోతాయని పెద్దల భయం. అందుకని ఖాళీ అయిన కుండను కూడా నిండుకుందనే అంటాం."

"అమ్మ ఎప్పుడూ అలా అనలేదే!"

రవణమ్మ చేతిలోని మూత కింద పెట్టింది. "అనవలసిన అవసరం దానికి రాలేదమ్మా" అంది. "అది రానివ్వలేదు."

వరాలు కుండ అంచు పట్టుకుని నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు. అవి మాత్రం నిజంగానే నిండాయి.

"ఉన్న పిడికెడూ ముగ్గులో పోశావు" అంది రవణమ్మ.

"చీమలైనా తిన్నాయి కదా అత్తా."

"సరే, ఇప్పుడు మించిపోయింది లేదు. పరుగున వెళ్ళి అత్తకు ఒంట్లో బాగాలేదు, మరోసారి రండి అని చెప్పిరా."

"చెప్పను."

"ఏటే?"

"పిలిచిన నోటితో రావద్దని చెప్పను. అమ్మ ఎప్పుడూ అలా చెప్పలేదు."

"మరి ఏం పెడతావు? నీ మొండితనం వండి పెడతావా?"

వరాలు కళ్ళు తుడుచుకుని పెరట్లోకి నడిచింది. తల ఎత్తి చూసింది. వంటింటి కప్పు మీద గుమ్మడి పాదు అల్లుకుని ఉంది. పోయిన ఏడు మంగాయమ్మ పెట్టిన పాదులో కాయ ఒకటి పండి, అడిగేవాళ్ళు లేక అక్కడే పగిలింది. దాని గింజే ఈ ఏడు తనంతట తాను మొలిచింది. వరాలు దానికి రోజూ నీళ్ళు పోసింది. ఆకుల మధ్య బిందెంత కాయ ఒకటి, పండి పసుపెక్కి, ఎండకు మెరుస్తోంది.

"గుమ్మడికాయ ఉంది. చింతపండు ఉంది, ఉప్పు ఉంది. పులుసు కాచి పెడతాను" అంది.

"అన్నం లేని పులుసా?"

"తాగుతారు."

రవణమ్మ నిచ్చెన వేసి తానే కాయ దింపింది. కత్తిపీట తీసింది. తీసి, మళ్ళీ కింద పెట్టేసింది. "నిండు గుమ్మడికాయకు మనం కత్తి పెట్టకూడదు. మొదటి దెబ్బ మగవాడే వేయాలి. ఈ ఇంట్లో మగవాడు ఎవరున్నారు? ఆ రాయి తప్ప!" అంది.

అప్పుడు వరాలు ఆ కాయను రెండు చేతులా కావలించుకుని, కాళ్ళు తడబడుతున్నా దించకుండా, తండ్రి దగ్గరికి తీసుకువెళ్ళింది. అతని ఎదురుగా పెట్టింది.

"నాన్నా, దీనికి మొదటి దెబ్బ నువ్వే వేయాలట."

కొండలాచారి కాయను చూశాడు. "ఎక్కడిది?"

"అమ్మ పాదులోది. రాలిన గింజ మొలిచింది. నీళ్ళు నేను పోశాను."

అతను దాని మీద చేయి వేశాడు. మంచి మానును నిమిరినట్టు చాలాసేపు నిమిరాడు. ఆ తర్వాత లేచాడు. చూరులో గుచ్చిన బాడిస తీశాడు. అది తుప్పు పట్టింది. సానరాయి మీద నీళ్ళు చల్లి నూరడం మొదలుపెట్టాడు. సర్రు, సర్రు, సర్రుమని ఆ చప్పుడు ఇల్లంతా పాకింది. పొయ్యి దగ్గర కూర్చున్న రవణమ్మ ఆ చప్పుడు విని, ఊదుగొట్టం ఒళ్ళో పెట్టుకుని, ఊదడం మరచిపోయింది.

ఒక్క దెబ్బకు కాయ రెండయింది. లోపల బంగారం.

"ఎంతమందిని పిలిచావు?" అని అడిగాడు.

"తెలియదు నాన్నా. తవిటయ్య తాతకు గట్టిగా చెప్పాను."

కొండలాచారి అటకెక్కి పీటలు దించాడు.

మధ్యాహ్నమైంది. మొదట పోలమ్మ వచ్చింది. సగం ముగ్గును చూసింది, దాని మీద బారులు తీరిన చీమలను చూసింది. తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చింది. వెనకాల ఆమె కొడుకు భుజం మీద బియ్యం బస్తా.

"మా ఇంట్లో ఎలుకలు పడ్డాయి. ఈ బస్తా కాస్త మీ ఇంట్లో ఉంచనీ రవణమ్మా. అవసరమైతే వాడుకోండి, ఎలుకలు తినేకంటే నయం" అంది.

ఆ తర్వాత సీతాలు పెద్ద మూటతో వచ్చింది. "వైద్యుడు నాకు పథ్యం చెప్పాడు. మా ఇంటి కందిపప్పు తప్ప మరొకటి అరగదు. అందుకని నా పప్పు నేను తెచ్చుకున్నాను."

"ఒక్క మనిషికి ఇంత పథ్యమేటే?" అంది రవణమ్మ.

"రోగం పెద్దది" అంది సీతాలు.

ఆ తర్వాత తవిటయ్య తాత నూనె కుండతో వచ్చాడు. ఏం చెప్పాలో దారి పొడవునా అనుకుంటూ వచ్చి, గుమ్మంలో మరచిపోయాడు. "ఇదిగో, నిండుకుందన్నారు కదా, నూనె!" అని గట్టిగా అనేశాడు. ముందుగా నవ్వింది వరాలే. తాతకు ఎందుకో తెలియకపోయినా ఆయనా నవ్వాడు. ఇంక ఎవరి నవ్వూ ఆగలేదు. వీధిలో విన్నవాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎవరి చేతులూ ఊరికే లేవు.

పొయ్యి మీద ఎసరు మరిగింది. గుమ్మడికాయ పులుసు ఘుమఘుమలాడింది. పీటలు వాల్చారు, ఆకులు వేశారు. కానీ ఎవరూ కూర్చోలేదు. యజమాని కూర్చోమనకుండా విస్తరి ముందు ఎలా కూర్చుంటారు? రవణమ్మ తమ్ముడి వైపు చూసింది. వరాలు తండ్రి వైపు చూసింది. అతను పీటల వైపు చూశాడు. అందరికీ ఉన్నాయి. పోలమ్మకు మాత్రం పీట లేదు.

కొండలాచారి వంటింట్లోకి వెళ్ళాడు. గోడకు ఆనించి ఉన్న మంగాయమ్మ పీటను తీశాడు. ఉత్తరీయంతో దుమ్ము తుడిచాడు. తెచ్చి, పోలమ్మ ముందు వాల్చాడు.

పోలమ్మ వెనక్కి జరిగింది. "అది మంగ పీట, బాబూ. నేను కూర్చోలేను."

"కూర్చో వదినా" అన్నాడు కొండలాచారి. "మనిషి నిలబడి ఉండగా పీట ఖాళీగా ఉంటే మంగ ఊరుకుంటుందా?" అప్పుడు వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడినవాళ్ళను, వాకిట్లో నిలబడినవాళ్ళను చూశాడు. "రండి. అందరూ రండి. కూర్చోండి."

అందరూ కూర్చున్నారు. వరాలు ఆకు ఆకుకూ తిరిగి పులుసు వడ్డించింది. సీతాలు పథ్యం మరచిపోయి రెండుసార్లు మారు వడ్డించుకుంది. తవిటయ్య తాత, "మంగమ్మ చేతి రుచి వచ్చిందే పిల్లా!" అన్నాడు. ఆ పేరు ఆ ఇంట్లో ఏడాదిగా ఎవరూ గట్టిగా పలకలేదు. ఇప్పుడు పలికారు. పలికినా ఇల్లు కూలిపోలేదు. ఇంకొంచెం నిలబడింది.

తిని లేచి, ఒక్కొక్కరూ "వెళ్ళొస్తాం" అన్నారు. వెళతామని ఒక్కరూ అనలేదు.

ఆ తర్వాత రవణమ్మ వంటింట్లోకి వెళ్ళి, కుండలో చేయి పెట్టింది. మణికట్టు కూడా మునగలేదు, వేళ్ళకు బియ్యం తగిలాయి.

"వరాలూ, బియ్యం నిండాయే" అంది.

"నిండుకున్నాయా అత్తా?"

"ఛీ, నోరు కడుక్కో! నిండుకోలేదు. నిండాయి!"

ఎంత చిన్న తేడానో చూశావా తల్లీ. ఒక్క మాట తోక అటు తిరిగితే కుండ ఖాళీ, ఇటు తిరిగితే కుండ నిండు.

మర్నాడు బండి కట్టారు. రవణమ్మ తన మూట ఒక్కటే ఎక్కించింది. కొండలాచారి, "పిల్ల బట్టలు కట్టలేదేం అప్పా?" అని అక్కను అడిగాడు. అడిగేటప్పుడు అతని చేయి వరాలు భుజం మీద ఉంది. గట్టిగా ఉంది.

"మనుషులు వచ్చే ఇంటి నుంచి పిల్లను ఎత్తుకుపోతే ఊరు నన్ను తిట్టదూ?" అంది రవణమ్మ. బండి ఎక్కి, వరాలు ముక్కు మీది పసుపు కొంగుతో తుడవబోయి, తుడవకుండా వదిలేసింది. "వెళ్ళొస్తానే" అంది.

బండి మలుపు తిరిగాక, వరాలు వాకిట్లో కూర్చుని, మిగిలిపోయిన ఆ సగం ముగ్గు వేసింది. అమ్మ వేసినట్టు రాలేదు. తనకు వచ్చినట్టు వచ్చింది. చీమలకు ఆ తేడా తెలియలేదు.

అంతే తల్లీ. కళ్ళు మూసుకో. రేపు పొద్దున నన్ను లేపు. మన వాకిట్లోనూ ముగ్గు పడి చాలా రోజులైంది కదా. బియ్యం నానబోశాను. మీ అమ్మ వేసేదానిలో నీకెంత గుర్తుందో అంత నువ్వు వెయ్యి. మిగిలింది నేను వేస్తాను.

నిండుకున్న కుండ నిండింది,
మూగబోయిన ఇల్లు పలికింది.
కంచికి కథ వెళ్ళొస్తానంది,
ఇంటికి నిద్ర వచ్చేశానంది.